అలసిన విశ్వకవికి మదనపల్లెలో ఇంటర్వెల్!

సినిమా హాల్లో జనగణమన వినిపిస్తే ఏం చేస్తాం? లేచి నిలబడతాం. ఒకప్పుడయితే ఆట పూర్తయి, తెర మీద 'శుభం' పడ్డాక జాతీయగీతం వేసేవారు. అప్పటికే సగం జనం సైకిల్ స్టాండు వైపు పరుగు! 2016 నవంబరు 30న సుప్రీంకోర్టు, ప్రతి ఆటకీ ముందు వెయ్యాల్సిందేనంది. 2018 జనవరి 9న, 'వెయ్యడం వెయ్యకపోవడం హాలు వాళ్ళ ఇష్టం' అని సడలించింది. వేస్తే మాత్రం మర్యాదగా నిలబడాల్సిందే. ఎంతసేపూ? 52 సెకన్లు!

ఆ 52 సెకన్లలో మీకెప్పుడయినా మదనపల్లె గుర్తొచ్చిందా?

పుంగనూరు నుంచో, కుప్పం నుంచో ఈ వారపత్రిక చదివే పాఠకులు 'మాకు తెలుసులెండి' అంటారు. నిజమే. టాగూరు మదనపల్లె వచ్చారనీ, జనగణమనని ఇంగ్లీషులోకి మార్చింది ఇక్కడేననీ ఆ ప్రాంతంలో బడిపిల్లల్ని అడిగినా చెబుతారు. కానీ ఆ కథలో ఎవరూ అంతగా పట్టించుకోని ముక్క ఒకటుంది. టాగూరు మదనపల్లెకి వచ్చింది సన్మానం కోసం కాదు, ఉపన్యాసం కోసం కాదు. అలసిపోయి వచ్చారు!

అలసిపోయిన మనిషి అక్కడేం చేశాడు? మళ్ళీ ఎలా వెలిగాడు? ఈ వారం ముచ్చట అదే. ఎందుకంటే ఆ అలసట ఇప్పుడు మీలో చాలామందికి ఉంది కనుక.

కార్బన్ అయిపోయిన ప్రొజెక్టరు

టూరింగ్ టాకీసుల రోజులు చూసిన పెద్దవాళ్ళని అడగండి. అప్పటి ప్రొజెక్టర్లలో రెండు కార్బన్ కడ్డీల మధ్య మెరుపులాంటి వెలుగు పుట్టించేవారు. వెలుగు ఇస్తూ ఇస్తూ ఆ కడ్డీలు అరిగిపోయేవి. ఆపరేటరు పక్కనే ఉండి వాటిని జరుపుతూ ఉండాలి. కాస్త ఏమరుపాటుగా ఉన్నాడో, తెర మీద హీరోగారి ముఖం మసకబారి, ఆనక చీకటే! రీలు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. కథ నడుస్తూనే ఉంటుంది. లేనిదల్లా వెలుగే.

మనిషికీ అంతే. పొద్దున్నే లేస్తాడు, పనికి పోతాడు, వస్తాడు, పడుకుంటాడు. రీలు తిరుగుతూనే ఉంది. కానీ ఇష్టమైన పాట విన్నా కాలు కదలదు. అభిమాన హీరో సినిమా మొదటి ఆటకి టిక్కెట్టు దొరికినా 'ఎవరెళతార్లే' అనిపిస్తుంది. ఇంటినుంచి అమ్మ ఫోను చేస్తుంది.

"ఎట్లుండావు నాయనా?"

"బాగుండానమ్మా."

"అన్నం తింటివా?"

"తింటినిలే."

అంతే సంభాషణ! కొడుకు బాగా లేడని తల్లికి తెలుసు. ఏం బాగా లేదో కొడుక్కే తెలియదు.

దీనికి 'బర్నవుట్' అని పేరు పెట్టి 1974లో ఒక పత్రికలో వ్యాసం రాసినాయన హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే న్యూయార్క్ మనస్తత్వవేత్త. తమాషా ఏమిటంటే, ఆయన ఈ జబ్బుని ముందు కనిపెట్టింది తనలోనే! పగలంతా సొంత ప్రాక్టీసు. సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా బీదవాళ్ళకి ఉచిత క్లినిక్కులో సేవ. కొన్నాళ్ళకి ఆయనా, తోటి కార్యకర్తలూ వొట్టి డొల్లలయిపోయారు. ఎవరు ఎక్కువ మనసుపెట్టి పనిచేశారో వాళ్ళే ముందు ఆరిపోయారట. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్వచించింది. ఇది రోగం కాదు, పనిచేసేచోట ఎంతకీ తీరని ఒత్తిడివల్ల వచ్చే అవస్థ అంది. లక్షణాలు మూడు: ఒంట్లో శక్తి ఇంకిపోవడం, చేసే పని మీద విసుగూ వెటకారమూ పుట్టడం, 'నేనేం చేసినా ఇంతే' అనిపించడం.

ఈ మూడూ మనసులో పెట్టుకుని ఇప్పుడు 1919కి వెళదాం రండి!

57 ఏళ్ళ కవిగారి కాల్‌షీట్లు

1913లో నోబెల్ బహుమతి వచ్చాక రవీంద్రనాథ్ టాగూరు పరిస్థితి, ఒక్క సినిమాతో స్టారయిపోయిన హీరోలా తయారయింది. ఎక్కడికెళ్ళినా జనం. ఎవరు పిలిచినా వెళ్ళాలి. 1916, 17ల్లో జపాను, అమెరికా దేశాల్లో వరుసగా ఉపన్యాసాలు. శాంతినికేతనం నడవాలంటే డబ్బు కావాలి. డబ్బు కావాలంటే తిరగాలి. నిర్మాత కష్టాలు నిర్మాతవే!

ఇంట్లోనూ సుఖం లేదు. 1902లో భార్య పోయింది. మరుసటేడు రెండో కూతురు. 1907లో చిన్న కొడుకు. 1918లో పెద్ద కూతురు కూడా కన్నుమూసింది. ఆ దుఃఖం ఆరకుండానే అదే ఏడాది డిసెంబరులో విశ్వభారతికి శంకుస్థాపన. వెంటనే 1919 మొదట్లో దక్షిణదేశ యాత్ర. బెంగుళూరు, మైసూరు, తిరుచ్చి, తంజావూరు, మదురై... రైలు దిగడం, దండలు వేయించుకోవడం, మాట్లాడడం, మళ్ళీ రైలెక్కడం. అప్పటికాయనకి 57 ఏళ్ళు. ఒళ్ళు మొరాయించింది.

సరిగ్గా అప్పుడు మదనపల్లెలో జేమ్స్ కజిన్స్ అనే ఐరిష్ కవి ఉన్నారు. అనీబిసెంట్ 1915లో స్థాపించిన దివ్యజ్ఞాన కళాశాలకి ఆయన ప్రిన్సిపాలు. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతంలో డిగ్రీ చదివిన విదుషీమణి. మా ఊరొచ్చి విశ్రాంతి తీసుకోండని వాళ్ళు పిలిచారు. టాగూరు వచ్చారు.

విశ్రాంతికి మదనపల్లె మంచి చోటే మరి! సముద్రమట్టానికి 2,000 అడుగుల పైన ఉన్న ఊరు. చుట్టూ గుట్టలు, చల్లటి గాలి. ఊరి పక్కనే ఆరోగ్యవరంలో 1915 నుంచి క్షయ రోగుల ఆసుపత్రి ఉంది. క్షయకి మందే లేని ఆ రోజుల్లో మంచి గాలి, మంచి తిండి, పూర్తి విశ్రాంతి... ఇవే వైద్యం.

టాగూరు కూడా అలాగే నాలుగు రోజులు కళ్ళు మూసుకుని పడుకుని వెళ్ళిపోతే ఈ కథే లేదు.

ఆ బుధవారం సాయంత్రం

ఆ కళాశాలలో ఒక ఆచారం ఉండేది. బుధవారం సాయంత్రం భోజనాలయ్యాక విద్యార్థులూ, అధ్యాపకులూ ఒకచోట చేరి పాటలు పాడుకోవడం, సరదాగా గడపడం. పోటీ లేదు, ప్రైజు లేదు. గొంతు బాగున్నవాడూ పాడొచ్చు, లేనివాడూ పాడొచ్చు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే హాస్టల్ కుర్రాళ్ళ అల్లరి ప్రోగ్రాం!

ఆ అల్లరిలోకి విశ్వకవి వచ్చి కూర్చున్నారు. వేదిక లేదు, పూలదండ లేదు, చీఫ్ గెస్టు కుర్చీ లేదు. కాసేపయ్యాక, నేనూ ఒక పాట పాడతానన్నారు. బెంగాలీలో ఎత్తుకున్నారు. అదే జనగణమన.

అప్పటికది కొత్త పాటేం కాదు. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు సభలో మొదటిసారి పాడిందే. కానీ మదనపల్లె కుర్రాళ్ళకి కొత్త. మొదటి చరణం చివర్లో వచ్చే పల్లవికి చెవులు నిక్కబొడుచుకున్నాయి. రెండో చరణానికి గొంతులు సవరించుకున్నారు. ఇంకోసారి, ఇంకోసారి అని అడిగి పాడించుకుని, ఆఖరికి అందరూ కలిసి హాలు మారుమోగేలా అందుకున్నారట. సినిమా భాషలో 'వన్స్ మోర్'!

మర్నాటి నుంచి కవిగారిలో కొత్త హుషారు. పాట అర్థం చెప్పమని అడిగారు కదా అని కాగితం కలం తీసుకుని తనే ఇంగ్లీషులో రాశారు. దానికి 'ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా' అని పేరు పెట్టారు. తేదీ 1919 ఫిబ్రవరి 28. అటు మార్గరెట్ కజిన్స్ పియానో దగ్గర కూర్చున్నారు. బాణీ టాగూరుదే. దాన్ని స్వరం స్వరం పట్టుకుని స్వరలిపిలో రాశారు. కుర్రాళ్ళ చేత పాడించి చూశారు. టాగూరు విని తల ఊపారు. ఆ పాట ఆ కళాశాలకి ప్రార్థనాగీతమయింది. 1950 జనవరి 24న దేశానికే జాతీయగీతమయింది.

(అన్నట్టు, జాతీయగీతం కాకముందే ఆ పాట వెండితెర ఎక్కింది! 1945లో బిమల్ రాయ్ తీసిన హిందీ 'హమ్‌రాహీ'లో ఉంది.)

మదనపల్లె నుంచి వెళ్ళాక ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్ ఘోరం జరిగింది. మే నెలాఖరులో టాగూరు బ్రిటిషువారిచ్చిన 'సర్' బిరుదుని తిప్పికొడుతూ వైస్రాయికి ఉత్తరం రాశారు. ఆ ధైర్యం మదనపల్లె గాలి ఇచ్చిందంటే అది అతిశయోక్తి. కానీ మూడు నెలల కిందట ఒళ్ళు మొరాయించి కూలబడిన మనిషే ఆ ఉత్తరం రాశాడన్నది మాత్రం మరిచిపోకండి.

పడుకుంటే తీరని అలసట

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అలసట రెండు రకాలు. ఒంటి అలసట నిద్రపోతే తీరుతుంది. మనసు అలసట నిద్రపోయినా తీరదు. ఆదివారమంతా మంచం మీద పడుకుని సోమవారం లేస్తే ఇంకా నీరసంగా ఉంటుంది చూశారూ, అదీ రెండో రకం. అది పని ఎక్కువయినందువల్ల మాత్రమే వచ్చింది కాదు. చేసే ప్రతి పనికీ ఎవరో ఒకరు లెక్క కడుతున్నందువల్ల వచ్చింది. మార్కుల లెక్క, ర్యాంకు లెక్క, టార్గెట్ లెక్క, జీతం లెక్క.

దానికి మందు, లెక్క లేని పని. అంటే ఆట. చిన్నప్పుడు చింతపిక్కలతో ఆడినప్పుడు 'దీనివల్ల ఏం లాభం' అని అడిగామా?

టాగూరుకి యాత్ర పొడవునా పాటలున్నాయి, మాటలున్నాయి. కానీ అవన్నీ 'డ్యూటీ'. మదనపల్లెలో అదే గొంతుతో, అదే పాట. కాకపోతే డ్యూటీ కాదు, ఆట. తేడా అంతే! ఆ 'అంతే'లోనే అంతా ఉంది.

కొట్టివేతల్లోంచి బొమ్మలు

ఆ పాఠాన్ని ఆయన తర్వాత కూడా వదల్లేదు. 1924లో పెరూ దేశానికి బయల్దేరి దారిలో జబ్బుపడ్డారు. అర్జెంటీనాలో ఆగిపోవాల్సి వచ్చింది. విక్టోరియా ఒకాంపో అనే రచయిత్రి ఆయన్ని నది ఒడ్డున ఒక ఇంట్లో ఉంచి చూసుకున్నారు. అక్కడ 'పూరబి' కవితలు రాస్తూ, నచ్చని పంక్తుల్ని కొట్టేసేవారు. కొట్టేసిన గీతల్ని ఊరికే వదలకుండా, ఒక గీతని ఇంకో గీతతో కలుపుతూ పోయేవారు. చూస్తే అది పక్షి! ఇంకో చోట జంతువు! మరో చోట ఏదీ కాని వింత ఆకారం!

తప్పు రాసి కొట్టేసిన చోటే బొమ్మ మొలిచింది. ఆ సరదా పెరిగి పెరిగి, 1930 మేలో పారిస్ నగరంలో చిత్రప్రదర్శన దాకా వెళ్ళింది. దాన్ని ఏర్పాటు చేసిందీ ఒకాంపోగారే. బొమ్మలు వెయ్యడం ఎవరి దగ్గరా నేర్చుకోని ఆ పెద్దమనిషి, 60 దాటాక మొదలుపెట్టి 2,000కి పైగా బొమ్మలు వేశారు.

మన పాఠకులకి ఇంకో కబురు. 70 ఏళ్ళ వయసులో టాగూరు సినిమా కూడా తీశారు! కలకత్తా న్యూ థియేటర్స్ వారి 'నటీర్ పూజ', 1932. తన నాటకాన్నే శాంతినికేతనం పిల్లలతో నాలుగు రోజుల్లో తెరకెక్కించి, తనూ వేషం వేశారు. బాక్సాఫీసు దగ్గర బోల్తా కొట్టింది. అయితేనేం? ఆట ఆడినవాడికి ఆడిన ఆనందం ఉంటుంది కదా!

అందుకు మన పరిశ్రమలోనూ సాక్షులున్నారు. భానుమతిగారినే తీసుకోండి. నటన, గానం, దర్శకత్వం, పైన స్టూడియో భారం. ఇన్నింటి మధ్యా కూర్చుని 'అత్తగారి కథలు' రాసి తెలుగువాళ్ళని కడుపుబ్బ నవ్వించారు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారికి 1963లో గొంతు జబ్బుతో మాటే పోయింది. మాట్లాడితే వినాలని జనం ఎగబడే మనిషికి అంతకంటే శిక్ష ఏముంది? కాగితాల మీద రాసి చూపిస్తూ కబుర్లు చెప్పారు, సినిమా పాటలూ రాస్తూ పోయారు. 1968లో వచ్చిన 'ఉండమ్మా బొట్టు పెడతా' పాటలు వినండి, మాట పోయిన మనిషి రాశాడంటే నమ్ముతారా?

'ఆయన జమీందారు బిడ్డ సార్!'

ఇక్కడ మీరొక చెణుకు విసురుతారని తెలుసు. 'టాగూరు జమీందారు బిడ్డ. భానుమతి స్టారు. వాళ్ళకి చెల్లింది. పొద్దున్నే రైలెక్కి బెంగుళూరు పోయి రాత్రికి కుప్పంలో దిగే మాకు ఆటలెక్కడివి సార్?'

న్యాయమైన ప్రశ్నే. సమాధానం మీ ఊళ్ళోనే ఉంది.

ఎండాకాలంలో పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల పల్లెలకి వెళ్ళండి. ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళ దగ్గర మహాభారతం జరుగుతుంది. మధ్యాహ్నం హరికథ. రాత్రి తెల్లవార్లూ వీధినాటకం. భీముడు బండెక్కి బకాసురుడి మీదకి పోతాడు. అర్జునుడు ఆకాశమంత తపస్సు మాను ఎక్కి పాశుపతం కోసం పాడతాడు. ఆఖరిరోజు నేల మీద మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి తొడ విరుగుతుంది. సాయంత్రం అగ్నిగుండం.

ఆ భీముడెవరు? ఆ అర్జునుడెవరు? వేషం కట్టేవాళ్ళలో చాలామంది పగలు సేద్యమో, కూలో చేసుకునేవాళ్ళే. టమోటా ధర మండీలో పడిపోతే రాత్రి నిద్రపట్టని వాళ్ళే. పట్టుపురుగులకి రాత్రీ పగలూ మల్బరీ ఆకు వెయ్యాలి, వాటికి ఆదివారం ఉండదు. జమీందారీ తీరిక వాళ్ళకెక్కడిది? అయినా ముఖానికి రంగు పడి, కిరీటం పెట్టుకుంటే ఆ రాత్రికి అప్పు గుర్తుండదు. భుజకీర్తులు విప్పాక అప్పు అలాగే ఉంటుంది. కానీ దాన్ని మొయ్యడానికి భుజంలోకి బలమొస్తుంది. చూసినవాళ్ళకీ అంతే!

మన తాతలకి 'బర్నవుట్' అన్న మాట తెలీదు. మందు మాత్రం తెలుసు.

మరి మీ సంగతి?

ఇదంతా విని రేపే గిటారు కొని, మూడు నెలల్లో పెద్ద గాయకుడయిపోవాలని టైంటేబుల్ వేసుకోకండి. అప్పుడది ఆట కాదు, ఇంకో పరీక్ష! రీలు తీసి లైకులు లెక్కపెట్టుకోవడం కూడా ఆట కాదు. అక్కడా మళ్ళీ లెక్కే కదా.

కొంచెం చాలు. వారానికి ఒక సాయంత్రం. ఎవరికీ చూపించక్కర్లేని పని ఒకటి పెట్టుకోండి. పాత సినిమా పాట గొంతెత్తి పాడండి, శ్రుతి తప్పితే తప్పనివ్వండి. నోటుపుస్తకం వెనక అట్ట మీద అభిమాన హీరో బొమ్మ గియ్యండి, ముక్కు వంకరగా వస్తే అదో అందం. వీధిలో పిల్లలు గోళీలాడుతుంటే వెళ్ళి కూర్చోండి. మీరు ఓడిపోవడం ఖాయం. ఓడిపోయినా ఏమీ పోని చోటు అదొక్కటే! నలుగురు కలిస్తే మరీ మంచిది. మదనపల్లెలో టాగూరు గదిలో ఒక్కడే కూర్చుని పాడుకోలేదు. కుర్రాళ్ళు అందుకున్నారు గనకే పాట లేచింది.

ఒక నిజం కూడా చెప్పుకోవాలి. రోజుకి 14 గంటలు పని చేయించుకునే యజమాని ఉన్నప్పుడు, పాట పాడుకోమని కుర్రాడికి చెప్పడం న్యాయం కాదు. పని గంటలు తగ్గించాల్సింది యజమానే. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని పనిచోటికి సంబంధించిన అవస్థ అన్నది అందుకే. కార్బన్ అయిపోతే తప్పు సినిమాది కాదు, కడ్డీలు జరపని ఆపరేటరుది.

ఇంకో మాట. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, దేనిమీదా ఆశ లేకపోయినా, బతకాలనిపించకపోయినా అది ఆటతో తీరే అలసట కాదు. వెంటనే డాక్టరుకి చూపించుకోవాలి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన 'టెలీ మానస్' ఉంది. 14416కి ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. డబ్బు తీసుకోరు. అమ్మతో 'బాగుండానమ్మా' అని అబద్ధమాడినట్టు వాళ్ళతో ఆడనక్కర్లేదు.

మిగతావాళ్ళందరికీ ఒకటే చిన్న సలహా. మళ్ళీ బుధవారం వస్తోంది. భోజనాలయ్యాక ఫోను పక్కన పెట్టి, రూంమేట్లనో, చెల్లెళ్ళనో, పక్కింటి బామ్మనో పోగుచెయ్యండి. మొదటి పాట ఎవరు పాడతారని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. మీరే మొదలుపెట్టండి. గొంతు బాగాలేదంటారా? బాగుండాలని రూలెక్కడుంది!